శస్త్రధారణాధికారవాక్యము: వాక్యార్థవిచారము

అమెరికా సంయుక్తరాష్ట్రముల రాజ్యాంగమునకు 1791వ సంవత్సరము డిసెంబరు 15వ తేదీన సిద్ధించిన పది సవరణములలో రెండవది మూలమున 27 పదముల యేకవాక్యము. దాని తాత్పర్యమును దెనుఁగునఁ జెప్పవలసినచో నించుమించుగా నిట్లుండును: చక్కఁగా నియమితమైన పౌరసేన స్వతంత్రరాజ్యక్షేమమునకు నావశ్యకమై యుండఁగా, ఆయుధముల నుంచుకొనుటకును ధరించుటకును బ్రజలకుఁ గల హక్కునకు భంగము కలిగింపరాదు. ఇంతకన్న దీనిలో మఱేమియు లేదు. అయినను నీవాక్యార్థమును గూర్చి యాదేశపు న్యాయవాదులును, చరిత్రకారులును, భాషాశాస్త్రజ్ఞులును జేసిన వాదప్రతివాదములు గ్రంథాలయముల నింపునంత యైనవి.

ఈవాదము కేవలము పండితవినోదము గాదు. పూర్వభాగము పరభాగమును బంధించు నన్నచో శాసనసభలు తుపాకులను నిషేధింపఁగలవు. బంధింపదన్నచోఁ బెక్కు నిషేధములు చెల్లవు. ఒకయింటిలోఁ దుపాకి యుండుట నేరమా, హక్కా యనునది యొక కృదంతపదముయొక్క యన్వయముపై నిలిచి యున్నది. ఇరువైపులవారును బ్రాణరక్షణమే యిందు విచార్యమని నమ్ముచున్నారు. ఇట్టియెడ వాక్యార్థనిర్ణయమునకై భారతదేశమున వైయాకరణులును మీమాంసకులును నేర్పఱచిన పద్ధతులతో నీవాక్యమును బరీక్షించుట నిష్ప్రయోజనము గానేరదు.

మొదట వాక్యనిర్మాణము. మూలమునఁ బూర్వభాగమునకు సమాపకక్రియ లేదు. 'బీయింగ్' అను నసమాపకరూపము మాత్ర మున్నది. దానికిఁ గర్త పౌరసేన. పరభాగమునకుఁ గర్త హక్కు. ఇట్లు భిన్నకర్తృకములగు రెండుక్రియలలో నొకటి రెండవదానికి లక్షణమై నిలుచునెడ సంస్కృతమున సప్తమీవిభక్తి వచ్చును. దానిని సతిసప్తమి యందురు. ఆంగ్లవైయాకరణులును నిట్టి భాగము తక్కినవాక్యమునుండి విడివడి స్వతంత్రముగా నిలుచునని చెప్పుదురు. ఆవులను బితుకుచుండఁగా నొకఁడు వెడలెననుచోఁ బితుకుట వెడలుటకుఁ గాలమును దెలుపుచున్నదే కాని కారణము గాదు. వాన కురియుచుండఁగా బడి మూసిరనుచోఁ గారణము తోఁచుచున్నది. రూప మొక్కటియే, అర్థభేదము ప్రత్యయమువలనఁ గాక వస్తుస్వభావమువలనఁ గలుగుచున్నది.

కావుననే తెనిఁగించువానికి నిక్కడఁ జిక్కు. అతఁడు 'ఆవశ్యకమగుటచే' నన్నచో హేతువును, 'ఆవశ్యకమై యుండఁగా' నన్నచో సందర్భమును, 'ఆవశ్యకమైనంతకాలము' నన్నచో నవధిని జెప్పినవాఁడగును. మూలము మూఁటికి నవకాశ మిచ్చుచున్నది. పూర్వభాగము పరభాగమునకు నేదో యొకవిధమున హేతువనుటలో వివాదము లేదు. 1791లో సిద్ధించిన తక్కిన తొమ్మిది సవరణములలో నిట్టి హేతుభాగము మఱి యొకదానియందుఁ గానరాదు. వివాదమెల్ల నాహేతువునకుఁ గల బల మెంత యను విషయమునందే.

విరామచిహ్నములను బట్టి దీనిని దేల్పఁజూచినవారు కలరు. కాంగ్రెసు వ్రాయించిన ప్రతిలో మూఁడు కామాలున్నవి. ఆకాలపు మఱికొన్ని ప్రతులలో నొకటియే యున్నది. 2007లో వాషింగ్టను నగరపు టప్పీలు న్యాయస్థానము, రెండవ కామా యీవాక్యమును రెండుఖండములుగా విభజించుచున్నదని చెప్పి, మొదటిఖండమును బీఠికగా నెంచెను. కాని యాశతాబ్దమునఁ గామాలు పలుమారు చదువరి యూపిరి తీసికొనుతావులను దెలుపుటకు వ్రాయఁబడినవి. ప్రతికిఁ బ్రతికి మాఱినవి. విరామచిహ్నములే లేని తాళపత్రగ్రంథముల నన్వయించిన పండితు లాకాంక్షాయోగ్యతాసన్నిధుల నాశ్రయించిరే కాని గంటపుమొన యాఁగినచోట్ల నాశ్రయింపలేదు. ఈవిచారమునందును నదియే మార్గము.

ఇఁక వాక్యముయొక్క పుట్టుక. 1689 నాఁటి యాంగ్లేయుల హక్కులశాసనమునఁ బ్రొటెస్టంటుమతస్థులు తమ స్థితికిఁ దగినట్టియు, చట్ట మనుమతించినట్టియు నాయుధములను దమ రక్షణమునకై యుంచుకొనవచ్చునని కలదు. 1776లో వర్జీనియావారు తమ హక్కులప్రకటనమునఁ బౌరసేనను బ్రశంసించి, వ్యక్తుల యాయుధములమాట యెత్తరైరి. అదేయేఁటఁ బెన్సిల్వేనియావారు తమ రక్షణమునకును రాష్ట్రరక్షణమునకును నాయుధములు ధరించుహక్కు ప్రజలకుఁ గలదనిరి. 1780లో మసాచుసెట్సువారు సమష్టిరక్షణమునకై యని స్పష్టముగాఁ జేర్చిరి. ఇట్లు తరువాతి శాసనకర్తలయెదుట ననేకమాతృకలు నిలిచి యున్నవి.

1789 జూను 8వ తేదీన జేమ్స్ మాడిసన్ ప్రతినిధిసభయెదుట నుంచిన చిత్తులో క్రమము వేఱు. అందు హక్కు మొదట నున్నది. పౌరసేన స్వతంత్రదేశమునకు శ్రేష్ఠమైన రక్ష యనుమాట దాని వెనుక వచ్చినది. ఆయుధధారణమునకు మతవిశ్వాసముచే వెనుదీయువానిని సైన్యసేవకు నిర్బంధింపరాదను మూఁడవభాగము తుద నున్నది. సభవారి సంఘము పౌరసేనామాటను ముందునకుఁ దెచ్చెను. ఆగస్టు 17వ తేదీనాఁటి చర్చలో ఎల్బ్రిడ్జ్ గెర్రీ మూఁడవభాగము నాక్షేపించెను: ప్రభుత్వము తన కిష్టములేనివారిని మతవిశ్వాసులని చెప్పి నిరాయుధులను జేయవచ్చునని యాతని భయము. సెప్టెంబరులో సెనేటు ఆభాగమును దొలఁగించెను. సమష్టిరక్షణమునకై యనుపదమును జేర్పవలెనన్న ప్రతిపాదన మాసభలోనే త్రోసివేయఁబడినది. ఈ చివరివిషయము నుభయపక్షములును దమకే యనుకూలముగాఁ జెప్పుకొనుచున్నవి: ఒకరు సమష్ట్యర్థము నిరాకృతమైనదందురు, వేఱొకరు పౌరసేనాపదముచే నాయర్థ మదివఱకే సిద్ధించినందునఁ బునరుక్తి పరిహృతమైనదందురు. కావున నిషేధింపఁబడిన ప్రతిపాదనమువలన నిర్ణయము పుట్టదు.

ఇఁక మీమాంస. వేదమునఁ జేటతో హోమము చేయుమను విధి యొకటి కలదు; దానిచే నన్నము సిద్ధించుచున్నది గదా యనుమాట దానిని వెన్నంటి యున్నది. ఇది నిజమైన హేతువైనచో గరిటెయుఁ గుండయు నన్నసాధనములే కావున వానితోను హోమము చేయవచ్చునని పూర్వపక్షి యనును. సిద్ధాంతి యొప్పుకొనఁడు. ఆమాట చేటను స్తుతించునది మాత్రమే. హేతువువలెఁ గానవచ్చును గాని విధియొక్క పరిధిని మార్పఁజాలదు. దీనికి హేతువన్నిగదాధికరణమని పేరు. హేతువు విధిని వ్యాపింపఁజేయఁజాలనిచో సంకోచింపఁజేయుటకును జాలదు. ఈరెండును నొకే శక్తికి రెండుముఖములు.

2008 జూను 26వ తేదీన హెల్లరు వ్యాజ్యమున నత్యున్నతన్యాయస్థానమున నైదుగురి పక్షమున న్యాయమూర్తి స్కాలియా చెప్పినది తుదకుఁ జూడఁగా నీసిద్ధాంతమే. పూర్వభాగము ప్రయోజనమును బ్రకటించునే కాని విధాయకభాగమును బెంచదు, తగ్గింపదని యాతని మతము. ఆతఁడు జైమినిని జదివినవాఁడు గాఁడు. అయినను వాక్యార్థవిచారము చేయువారు దేశకాలభేదము లేక యొకేత్రోవలఁ ద్రొక్కుదురనుటకు నిది నిదర్శనము.

కాని యదే మీమాంసయందు వేఱొక యధికరణము కలదు. తడుపఁబడిన గులకఱాళ్ల నుంచవలెనని విధి. దేనితోఁ దడుపవలెను? నూనెతోనా, నేతితోనా? విధి చెప్పదు. తరువాతి స్తుతివాక్యమున నేయి ప్రశంసింపఁబడినది. కావున నేతితోనే యని నిర్ణయము. విధివాక్యమున సందేహము కలిగినచోఁ బ్రక్కనున్న యర్థవాదమే దానిని దీర్చును. అనఁగా నర్థవాదము స్పష్టమైన విధిని మార్పఁజాలదు. అస్పష్టమైన విధిని స్పష్టపఱుపఁగలదు.

ఈరెండున్యాయములను బ్రక్కప్రక్కఁ జేర్చినంతనే యమెరికావాదముయొక్క మర్మము బయలుపడును. విధాయకభాగము స్పష్టమైనచో మొదటిన్యాయము, సందిగ్ధమైనచో రెండవది. కావునఁ గలహము హేతుభాగముపైఁ గాదు. ఆయుధములు ధరించుట యనుదానికి నర్థ మేమి? అది యస్పష్టమా, కాదా? ఇదియే మూలప్రశ్న.

ఆంగ్లమున 'బేర్ ఆర్మ్స్' అను పదద్వయమునకు రెండర్థములు. అవయవములను బట్టి యాయుధమును మోయుట, ఇది యౌగికము. సమూహశక్తిచే సైనికుఁడై సేవచేయుట, ఇది రూఢము. రూఢి యోగముకంటె బలవత్తర మని శాస్త్రకారుల మర్యాద. 1840లో టెన్నెసీరాష్ట్రపు న్యాయస్థాన మొక తీర్పున, అడవిలో మృగములను వేఁటాడువాఁడు నలువదియేండ్లు దినదినము తుపాకి మోసినను నాతఁ డాయుధములు ధరించెనని లోకమున నెవ్వరు ననరని చెప్పెను. పదునెనిమిదవశతాబ్దపు రచనలను యంత్రసాహాయ్యమున వెదకిన యిటీవలి భాషాశాస్త్రజ్ఞులకు నీపదద్వయపుఁ బ్రయోగములలోఁ బెక్కు సైన్యవిషయములుగానే కనఁబడినవి. మాడిసన్ చిత్తులోని మూఁడవభాగమునందును నాయుధధారణము సైన్యసేవయే. ఇది న్యాయమూర్తి స్టీవెన్సు వ్రాసిన భిన్నాభిప్రాయమునకు బలము.

రెండవవైపునను బలము లేకపోలేదు. పెన్సిల్వేనియావారి 1776 నాఁటి వాక్యమునఁ దమ రక్షణమునకు నను పద మున్నది. సైన్యసేవ యనునర్థ మొక్కటియే యైనచో నాపదము పొసఁగుట కష్టము. అంతకంటె ముఖ్యమైనది 'ఉంచుకొనుట' యనుక్రియ. ఉంచుకొనుటకును ధరించుటకును నాయుధము లనుపద మొక్కటియే కర్మ. ఒకమా ఱుచ్చరింపఁబడిన శబ్ద మొకమాఱే యర్థమును దెలుపునని శాస్త్రము. ధరించుటతోఁ గలసి సమూహార్థము నిచ్చు నాయుధపదము, ఉంచుకొనుటతోఁ గలసినపుడు వస్తువాచకముగా నెట్లగును? తెనుఁగున నాశకు నీళ్లు వదలుట యనఁగా నాశను విడుచుట. ఒకఁడు నీళ్లు తోడెను, వదలెను నని చెప్పి, మొదటిచోట నూతినీళ్లను, రెండవచోట నాశాత్యాగమును గ్రహింపుమన్నచో వినువాఁడు నవ్వును. స్కాలియాయు నిట్టిదోషమునే యాంగ్లపు నానుడితో నెత్తిచూపెను. స్టీవెన్సు దీనికి సమాధానముగా నీరెండుక్రియలును గలసి యొకే యధికారమును దెలుపునని, పౌరసేనలోనివాఁడు తనయాయుధమును దానే సిద్ధముగా నుంచుకొనవలసినవాఁడని చెప్పెను. ఆమాటకుఁ జరిత్ర తోడగుచున్నది: 1792 నాఁటి పౌరసేనాచట్టము 18 మొదలు 45 ఏండ్లలోపలి శ్వేతజాతి పౌరులు తుపాకిని, దాని పరికరములను దామే సమకూర్చుకొనవలెనని విధించెను. ఉంచుకొనకున్న ధరించుట లేదు.

ఇట్లు రెండువైపులను బ్రమాణములు నిలిచినపుడు సందేహమే సిద్ధించినదని చెప్పవలెను. విద్వాంసులు నిష్పక్షపాతముగాఁ జదివియుఁ దేల్పలేని పదము స్పష్టమనుట సాహసము. సందేహము సిద్ధించినంతనే గులకఱాళ్లన్యాయము ప్రవర్తించును.

ఇందు మఱియొక విశేషము గలదు. వేదవిధి యపౌరుషేయమని మీమాంసకుల మతము. దానికిఁ గర్త లేఁడు. కావున వక్తృవివక్ష లేదు. హేతువు నపేక్షింపక యది స్వతఃప్రమాణము. చేటవాక్యమున హేతువు స్తుతిమాత్రమగుటకు నదియే మూలము. రాజ్యాంగమన్ననో మనుష్యులు కూర్చుండి, చర్చించి, మాటలను ముందువెనుకలు సేసి వ్రాసినది. అట్టి పౌరుషేయవాక్యమునఁ గర్త తానుగాఁ జెప్పిన హేతువును నిష్ఫలమనుట యుక్తము గాదు. రాజ్యాంగమునం దేభాగమును నిష్ప్రయోజనముగా నుద్దేశింపఁబడినదని తలఁపరాదని 1803లోనే ప్రధానన్యాయమూర్తి మార్షలు చెప్పి యుండెను. మీఁదుమిక్కిలి, మాడిసన్ వెనుక నుంచినమాటను సభ ముందునకుఁ దెచ్చినది. ఉపక్రమము తాత్పర్యలింగములలో మొదటిది.

ఇంతమాత్రమునఁ బౌరసేన పోయినతోడనే హక్కు పోవునా? నిమిత్తము పోయిన నైమిత్తికమును బోవునను న్యాయ మొకటి వైయాకరణులు చెప్పుదురు. పూర్వకాలపుఁ బౌరసేన క్రమముగా క్షీణించి, 1903 నాఁటి చట్టముతో జాతీయరక్షకదళరూపమున మాఱినది. ఆదళమువారి కాయుధములు ప్రభుత్వమే యిచ్చును. కాఁబట్టి హక్కును నడుగంటినదని కొందఱు వాదింతురు. కాని యీన్యాయము సార్వత్రికము గాదు. కుమ్మరి మరణించినను గుండ మిగులును. ఒకహేతువుచే శాసింపఁబడినది, శాసించినవారే తగువిధమున రద్దుచేయువఱకును నిలుచును. రాజ్యాంగమును సవరించుమార్గ మారాజ్యాంగముననే కలదు. హేతువు సందిగ్ధస్థలముల నర్థమును నిర్ణయించును గాని వాక్యమును జంపదు.

హక్కను పదమునందును విచార్యము కలదు. వాక్యము ప్రజలకు హక్కునిచ్చుచున్నామని చెప్పదు. ఉన్నహక్కునకు భంగము కూడదనుచున్నది. అనఁగా హక్కు సిద్ధము, నిషేధము సాధ్యము. హక్కును బేర్కొనుట యనువాదము. సిద్ధమైన యాహక్కు ఎట్టిది? దానికి వాక్యములోఁ బ్రమాణము లేదు, వెలుపల వెదకవలెను. స్కాలియా 1689 నాఁటి శాసనమును, ఆంగ్లధర్మశాస్త్రకారులను నాశ్రయించి యాత్మరక్షణమే దాని ప్రాణమనెను. ప్రజలనుపదము మొదటి, నాలుగవ సవరణములలో వ్యక్తులకు వర్తించుచుండఁగా నిక్కడ మాత్రము సేనాసమూహమున కెట్లు వర్తించునని యడిగెను. ఈప్రశ్న సమంజసమైనదే. కాని యాత్మరక్షణమనుమాట వాక్యమున లేదనుటయు నంతే నిజము.

తీర్పుల చరిత్రము నీరెండుమార్గములనడుమ నూఁగినది. 1939లో మిల్లరు వ్యాజ్యమున, 18 అంగుళములకుఁ దక్కువ గొట్టముగల తుపాకికిఁ బౌరసేనాసామర్థ్యముతో సంబంధ మున్నట్లు రుజువు లేదని, వాక్యమును బౌరసేనాప్రయోజనము మనసున నుంచుకొనియే యర్థము చేసికొనవలెనని న్యాయస్థాన మేకాభిప్రాయమునఁ జెప్పెను. ఇది వాక్యశేషన్యాయము. 2008లో నైదుగురు, నలుగురుగాఁ జీలి, వాషింగ్టను నగరపుఁ బిస్తోలునిషేధమును గొట్టివేసినది. గృహమున నాత్మరక్షణమునకై యాయుధముంచుకొనుట వ్యక్తి హక్కనెను. 2010లో నీహక్కు రాష్ట్రప్రభుత్వములనుగూడ బంధించునని నిర్ణయించెను. 2022లో నూయార్కుచట్టమును గొట్టివేయుచు, ఆంక్షలు దేశచరిత్రసంప్రదాయమునకు ననుగుణములు గావలెనని విధించెను. 2024లో రహీమీ వ్యాజ్యమున నెనమండు గురొక్కటై, గృహహింసవిషయమున నిషేధాజ్ఞకు లోఁబడినవానిని నిరాయుధుని జేయు చట్టము చెల్లుననిరి. పూర్వచట్టములతో నచ్చుగ్రుద్దినట్టి సామ్య మక్కఱలేదు, సూత్రసామ్యము చాలునని వివరించిరి.

సిద్ధాంత మిది. 2008 నాఁటి యధికసంఖ్యాకులు మొదట విధాయకభాగమును విడిగాఁ బరీక్షించి, యర్థమును నిశ్చయించి, పిదపఁ బూర్వభాగమును దానితో సరిపోల్చిరి. పదము స్పష్టమైనచో నీక్రమము సాధువు. సందిగ్ధమైనచో హేతుభాగమును సాక్షిగాఁ గాక నిర్ణేతగాఁ బిలువవలసి యుండెను. అల్పసంఖ్యాకులన్ననో హేతువునకు నిర్ణేతృత్వ మిచ్చిరి కాని ఉంచుకొనుట యనుక్రియకుఁ బ్రత్యేకప్రయోజనమును దగినంత చూపరైరి. వాక్యమాత్రమునుండి తెలియుచున్నదేమనఁగా: ప్రజలకు హక్కు గలదు, దాని సందిగ్ధస్థలములకుఁ బౌరసేనయే దీపము, గృహమున నాత్మరక్షణము విహితమును గాదు, నిషిద్ధమును గాదు. దానిని హక్కుగా నెలకొల్పినది వ్యాకరణము గాదు, న్యాయస్థానము. ఆధికారమును గాదనుట యెవ్వరితరమును గాదు. కాని యాభారమును గామాపైనను గృదంతముపైనను మోపుట తగదు.

భారతదేశమునందు నీవాక్యపుఁ బ్రతిధ్వని యొకటి వినఁబడినది. 1878 నాఁటి యాయుధచట్టముచే నిరాయుధులైన ప్రజల యావేదనకు ఫలముగా 1931లోఁ గరాచీకాంగ్రెసు హక్కులతీర్మానమునఁ బౌరునకు నాయుధముల నుంచుకొనుటకును ధరించుటకును హక్కు చేరినది. పదములు రెండవసవరణమువే, కాని హేతుభాగము లేదు. దానికి మాఱుగా, తద్విషయమునఁ జేయఁబడు నియమములకు లోఁబడి యను నుపాధి కలదు. 1948 డిసెంబరులో రాజ్యాంగసభయందు హెచ్. వి. కామత్ దానిని స్మరించి చేసిన సవరణప్రతిపాదనము నిలువలేదు. సిద్ధించిన 19వ యధికరణమున నాయుధము లేకుండ శాంతముగా గుమికూడుటయే హక్కైనది. ఆయుధములమాట 1959 నాఁటి చట్టమునకు విడువఁబడినది.

రెండువాక్యములనుండి శాసనరచయితలు నేర్వవలసిన దొకటి కలదు. హేతువును జెప్పినవాఁడు తనతరమునకుఁ దన మనసును దెలిపినవాఁడు. ఉపాధిని జెప్పినవాఁడు రాఁబోవు తరములకుఁ దోవ చూపినవాఁడు. హేతు వెంత సుందరమైనను, దాని బల మెంతయో శాసనకర్తయే చెప్పి పోవలెను. చెప్పకపోయినచోఁ దరువాతివారు దానిని వెదకుచునే యుందురు. ఆ వెదకుటకుఁ గలుగు మూల్యము పండితులు మాత్రమే చెల్లింతురను నియమము లేదు.